ఒక్క మెతుకు పట్టి చూద్దాం

మా అక్క బిడ్డ వికారాబాద్‌లో ఏడో తరగతి చదువుతోంది. బడిలో ‘మన జిల్లా నదులు’ అని ప్రాజెక్టు వర్క్ ఇచ్చారు. సాయంత్రం జిరాక్స్ షాపుకు పోయి, షాపతను ఫోన్‌లో ఏది ముందొస్తే అది ప్రింట్ తీసిస్తే రెండు కాగితాలు పట్టుకొచ్చింది. రంగుల బొమ్మ కూడా ఉంది. రాత్రి నాకు ఫోన్ చేసింది.

“మామా, మూసీ యాడ పుట్టింది?”

“మీ మేడ ఎక్కితే కనవడే గుట్టలల్లనే బిడ్డా. అనంతగిరి.”

“గది నాకెర్కనే. కానీ గీ కాగితంల అనంతగిరి రంగారెడ్డి జిల్లాల ఉన్నదని రాసిండ్రు. మరి మన జిల్లా నదులల్ల మూసీ రాయాల్నా, వద్దా?”

ఆ ప్రశ్నకు నేను నవ్వాను గానీ, తర్వాత చాలాసేపు అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. పిల్లకు నిజం తెలుసు. రోజూ కళ్లతో చూస్తున్న గుట్ట అది. అయినా అచ్చులో ఉన్న మాట ముందు తన కళ్లను తానే అనుమానించింది.

కాగితం అబద్ధమాడిందని కూడా అనలేం. వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న పుట్టింది. అంతకుముందు ఈ గుట్టలు రంగారెడ్డి జిల్లాలోవే. ఆ పేజీ రాసిననాడు అది నిజమే అయ్యుంటుంది. రాసినవాళ్లు తర్వాత దాని మొహం చూడలేదు, అంతే. పైన తారీఖు లేదు, కింద రాసినవారి పేరు లేదు. బొమ్మ మాత్రం బాగుంది.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా కుమ్మరించం కదా. ఒక్క మెతుకు పట్టి చూస్తాం. చదువుల వెబ్‌సైట్ల విషయంలోనూ మన అమ్మల పద్ధతే పనికొస్తుందని నా వాదన. అమెజాన్ అడవుల గురించి ఒక సైటు చెప్పింది నిజమో కాదో మన జిల్లాలోని తాండూరులో కూర్చుని మనం తేల్చలేం. అనంతగిరి గురించి చెప్పింది మాత్రం తేల్చగలం. మన ఊరి సంగతి తప్పుగా రాసినవాడు బ్రెజిల్ సంగతి సరిగా రాశాడని ఏ ధైర్యంతో నమ్మాలి?

తారీఖు లేని పేజీ

పేజీ వయసు చెప్పే గుర్తులు మన దగ్గరే బోలెడున్నాయి. తెలంగాణలో 10 జిల్లాలు అని ఉంటే అది 2016కు ముందు రాసింది. 31 అని ఉంటే 2016కూ 2019 ఫిబ్రవరికీ మధ్యది. ములుగు, నారాయణపేట కలిశాక 33. పోటీ పరీక్షలకు చదివే అన్నలు, అక్కలు ఇంకోటి చూసుకోవచ్చు. ఉద్యోగాల జోన్లలో వికారాబాద్ జిల్లాను మొదట జోగులాంబలో పెట్టి, 2021లో చార్మినార్ జోన్‌కు మార్చారు. ఇంకా జోగులాంబ అనే చెప్తున్న సైటులో మిగతా జనరల్ నాలెడ్జి ఎంత తాజాగా ఉంటుందో మీరే ఊహించుకోండి. 2024లో రాష్ట్రం పొట్టిపేరు టీఎస్ పోయి టీజీ వచ్చింది. టీఎస్‌పీఎస్సీ అనే రాస్తున్న పేజీ అంతకు ముందుదో, పట్టించుకునేవారు లేనిదో అయి ఉంటుంది.

ఆకాశం కూడా తారీఖు చెప్తుంది. గ్రహాలు తొమ్మిది అంటే ఆ పాఠం 2006 దాటి రాలేదన్నమాట, ప్లూటోను గ్రహాల వరుసలోంచి తీసేసింది ఆ ఏడాదే. శని ఉపగ్రహాల లెక్క ఇంకా సరదా. 62 అనే పేజీలున్నాయి, 82 అనేవి ఉన్నాయి, 145 అనేవీ ఉన్నాయి. 2025 మార్చిలో ఒక్కసారే 128 కొత్తవాటిని గుర్తించాక లెక్క 274కు చేరింది. పిల్లలతో ఈ ఆట ఆడించి చూడండి. ఒకే ప్రశ్నకు నాలుగు సైట్లలో నాలుగు జవాబులు కనిపించాక, అచ్చయిందల్లా నిజం కాదని వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

గడప దాకా వచ్చే పాఠం

తాండూరులో గచ్చు అంటే బండలే. గడప బండ, అరుగు బండ, ప్రహరీ బండ. భూగర్భ శాస్త్రం దీన్ని భీమా శిలా సమూహంలోని సున్నపురాయి అంటుంది, వ్యాపారం నాపరాయి అంటుంది, బయటి ఊళ్లవాళ్లు షాబాద్ బండ అంటారు. పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి తెల్లదుమ్ము అన్నీ ఈ రాయి పుణ్యమే, పాపమే.

ఇప్పుడు హైస్కూలు రసాయన శాస్త్రం తీయండి. కార్బోనేట్ మీద ఆమ్లం పడితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇంటర్నెట్‌లో లెక్కలేనన్ని వీడియోలున్నాయి. వాటిలో చాలావరకు తెల్లకోటు వేసుకున్న బొమ్మ, గాజు బీకరు, నీలిరంగు పొగ. నేను మెచ్చే సైటు ఏదంటే, చివర్లో ‘మీ ఇంట్లో సున్నపురాయి ఉందా, దాని పొడి మీద నిమ్మకాయ పిండి చూడండి’ అనేది. తాండూరు పిల్లకు ఆ రాయి కొనాల్సిన పని లేదు. పాలిషింగ్ యూనిట్ బయట గుప్పెడు పొడి తెచ్చుకుని రసం పిండితే సన్నని బుడగలు లేస్తాయి. బాత్‌రూం కడిగే యాసిడ్ పడ్డచోట బండ ఎందుకు నురగలు కక్కి గరుకుదేలుతుందో మొదటిసారి అర్థమవుతుంది. (ఆ యాసిడ్‌తో మాత్రం పిల్లల్ని ప్రయోగం చేయనివ్వకండి.) పిల్లను తెర ముందు కట్టిపడేసే సైటు కన్నా తెర ముందు నుంచి లేపి వాకిట్లోకి పంపే సైటు గొప్పది. చదువుల సైటుకు నేను వేసే మొదటి మార్కు దీనికే.

కందిదీ అదే కథ. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని రుచికి ఇక్కడి నల్లరేగడిలోని అట్టాపుల్గైట్ అనే బంకమన్ను ఖనిజం కారణమంటారు. పప్పుధాన్యాల వేర్ల బుడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుందని సైన్సు పుస్తకం చెప్తుంది. ఆ బుడిపెలు వానాకాలంలో ఏ కంది మొక్క పీకినా కనపడతాయి. కానీ కంది గురించి తెలుగులో వెతికితే ఏం దొరుకుతోంది? ‘పావురం బఠానీ’! ఇంగ్లిష్ పేరును యంత్రం ముక్కకు ముక్క తిప్పేసిందన్నమాట. నాగలి పట్టిన ఇంటి పిల్ల అది చదివి, ఇదేదో విదేశీ పంట అనుకుంటుంది. ఒక పేజీలో ఇలాంటి పావురం ఒక్కటి కనపడినా చాలు, దాన్ని మనిషన్నవాడు ఒక్కసారి కూడా తిరగేసి చదవలేదని అర్థం. మూసేయండి.

చెట్టెక్కిన ఆక్టోపస్

ఈ తంటా మనదొక్కటే కాదు. అమెరికా వాయవ్య ప్రాంతపు అడవుల్లో చెట్ల మీద బతికే ఆక్టోపస్ అంతరించిపోతోందని 1998లో ఒకాయన ఒక సైటు పెట్టాడు. ఫొటోలు, జీవిత చక్రం, కాపాడమని విన్నపం, అన్నీ పక్కాగా ఉంటాయి. అంతా వట్టి హాస్యం. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లూ బృందం దీన్ని ఏడో తరగతి పిల్లలకు చూపిస్తే దాదాపు అందరూ నమ్మారు. అబద్ధమని చెప్పాక కూడా, సైటులో ఉన్న ఏ ఆధారం దాన్ని పట్టిస్తుందో చూపలేక కొందరు తడబడ్డారు.

పిల్లలే అనుకుంటే పొరపాటు. స్టాన్‌ఫోర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 45 మందిని కూర్చోబెట్టి చూశారు. పది మంది చరిత్ర పండితులు, పది మంది వార్తల నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు. పండితులు, విద్యార్థులు ఇచ్చిన పేజీనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. లోగో చూశారు, భాష చూశారు, మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు పేజీలో నిలవనే లేదు. చప్పున పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, ‘వీళ్లెవరు, వీళ్ల గురించి బయట ఏమంటున్నారు’ అని వెతికారు. తక్కువ సమయంలో సరైన జవాబు పట్టింది వాళ్లే.

మన పెద్దలకిది కొత్తేమీ కాదు. సంబంధం వస్తే పెళ్లికొడుకు తన గురించి తాను చెప్పుకున్నది విని ఒప్పుకుంటామా? వాళ్ల ఊరికి పోయి నలుగురిని అడుగుతాం. ‘మా గురించి’ అని సైటు తన గురించి తాను రాసుకున్నది పెళ్లికొడుకు మాట లాంటిదే.

పాతకాలపు చెక్‌లిస్టు పద్ధతి ఒకటుంది. కాలిఫోర్నియాలో ఒక లైబ్రేరియన్ 2004లో తయారుచేసినది ప్రపంచమంతా పాకింది. తాజాదనం, సంబంధం, రాసినవారి అర్హత, కచ్చితత్వం, ఉద్దేశం చూడమంటుంది. మంచిదే. కానీ టిక్కులు పెట్టడం పిల్లలు ఇట్టే నేర్చేస్తారు, అనుమానించడం నేర్వరు. చిరునామా చివర ‘డాట్ ఆర్గ్’ ఉంటే సేవాసంస్థ అని చాలామంది సార్లు ఇప్పటికీ చెప్తున్నారు. దాన్ని డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. ప్రభుత్వానికి తప్ప ఇంకొకరికి దొరకనిది ‘జీవోవీ డాట్ ఇన్’. పదో తరగతి ఫలితాల రోజు ఈ ఒక్క తేడా తెలిసినవాళ్లు చాలా ప్రకటనలు, చాలా దొంగ లింకులు తప్పించుకుంటారు.

తెలుగులో ఉంటే సరిపోయిందా?

2022-23 నుంచి మన ప్రభుత్వ బడులన్నిటా ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక పుస్తకం రూపమే మారింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఇంటికొచ్చి ఫోన్‌లో పాఠం వెతికే పిల్లకు ఈ రెంటి మధ్య వంతెన కావాలి. దొరికేది మాత్రం పూర్తి ఇంగ్లిష్ వీడియో, లేదంటే పక్క రాష్ట్రపు పాఠం. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల దారి పట్టింది. మన పదో తరగతి వేరు. గొంతు తెలుగే, సార్ తెలుగే, పాఠం మాత్రం మన పరీక్షది కాదు. ఇది తల్లిదండ్రులకు మార్కులొచ్చాక గానీ తెలియడం లేదు. ఏ సైటైనా, ఏ చానలైనా ముందుగా మన పాఠ్యపుస్తకంలోని ఏ అధ్యాయానికి చెందిందో చెప్పాలి. చెప్పకపోతే దాన్ని సరదాకు చూడొచ్చు, చదువుకు కాదు.

ఇక తాండూరు తరగతి గదిలో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడ ఇంటిభాషగా ఉన్న పిల్లలుంటారు. చుట్టుపక్కల తండాల పిల్లలది లంబాడీ. వాళ్లకు ‘కిరణజన్య సంయోగక్రియ’ ఎంత దూరమో, దాని ఇంగ్లిష్ పేరూ అంతే దూరం. మాట తక్కువ, బొమ్మ ఎక్కువ ఉన్న సైటు వీళ్లకు ఎక్కువ పనికొస్తుంది. దీని గురించి పట్టించుకున్న సమీక్షకుడెవరూ నాకు కనపడలేదు.

నాన్న ఇంటికొచ్చాకే ఫోన్

2020 సెప్టెంబరు 1న కరోనా మధ్య డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు మన పిల్లలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చూసి చదువుకున్నారు. టీ-శాట్ అంటే ఒకప్పటి ‘మన టీవీ’యే. ఎవరెన్ని విమర్శించినా దానికొక గుణముంది, డేటా అడగదు. టీవీ ఉన్న ఇంట్లో అందరికీ ఒకటే పాఠం. ఆ తర్వాతే ఫోన్ల రాజ్యం వచ్చింది.

రాజ్యమైతే వచ్చింది గానీ ఎలాంటి రాజ్యం? పల్లె పిల్లల చదువుల సర్వే అయిన అసర్ 2024 నివేదిక ప్రకారం పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో సర్వేకు ముందు వారంలో చదువు పనికి దాన్ని వాడినవాళ్లు 57 శాతం. సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. ఇంట్లో ఒకటే ఫోన్ ఉండి, అది నాన్నతో పాటు క్వారీకో పాలిషింగ్ యూనిట్‌కో పోయి రాత్రి ఎనిమిదికి తిరిగొచ్చే ఇళ్లలో ఆ 57లో చేరడమే ఒక విజయం. అప్పటికి చార్జింగ్ ఇరవై శాతం, ఆ రోజు డేటా అయిపోవచ్చింది. అలాంటి ఇంటికి సైటును సిఫారసు చేసేవారు ఒక్కసారి ఏడు వేల రూపాయల ఫోన్‌లో, రాత్రి ఎనిమిదిన్నరకు, సిగ్నల్ ఒక గీత ఉన్నచోట తెరిచి చూడాలి. తెరుచుకోకపోతే ఎంత గొప్ప పాఠమైనా లేనట్టే. ముందే దించుకుని తర్వాత నెట్ లేకుండా చూసే వీలుందా అన్నది ఇక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. వికీపీడియాను మొత్తంగా నెట్ లేకుండా చదివించే కివిక్స్, పాఠాలను అలాగే అందించే కొలిబ్రి లాంటివి ఉచితంగా ఉన్నాయి. కంప్యూటర్ ల్యాబ్‌కు తాళం వేసి ఉంచే బళ్లు కనీసం ఇందుకైనా దాన్ని తీయొచ్చు.

ఉచితం అన్నచోట

బైజూస్ 2015లో యాప్ తెచ్చింది, కరోనా కాలంలో దేశమంతా దాని ప్రకటనలే. 2024 జులైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మధ్యలో, 2021 డిసెంబరులో, కేంద్ర విద్యాశాఖే తల్లిదండ్రులకు హెచ్చరిక జారీ చేసింది. ఉచితమని మొదలుపెట్టి ఖాతాలోంచి తమంతట తామే డబ్బు తీసుకునే ఒప్పందాలకు ఒప్పుకోవద్దు, షరతులు చదవకుండా సంతకం చేయొద్దు అని. కోర్సు అమ్మడానికి ఇంటికొచ్చిన కుర్రాడు మన పిల్లకు పరీక్ష పెట్టి, ‘మీ పాప వెనకబడి ఉందమ్మా’ అనగానే మనసు కరిగిపోవడం సహజమే. ఆ పరీక్ష ఎవరు తయారుచేశారో అడగండి చాలు. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

డబ్బు అడగనివి ఇంకోటి అడుగుతాయి. 2022 మేలో హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల్లో ప్రభుత్వాలు సిఫారసు చేసిన చదువుల సైట్లు, యాప్‌లను విప్పి చూసింది. వాటిలో 89 శాతం పిల్లల సమాచారాన్ని వాళ్ల హక్కులకు ముప్పు లేదా భంగం కలిగేలా వాడుతున్నట్టు తేలింది. మన కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్ కూడా ఆ పరిశీలనలో ఉంది. దీక్షాకు చెందిన ఒక సర్వర్‌కు కాపలా లేక దాదాపు 6 లక్షల మంది విద్యార్థుల, పది లక్షలకు పైగా టీచర్ల వివరాలు బయటపడ్డాయని 2023 జనవరిలో వార్తలొచ్చాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వాళ్లను వెంటాడే ప్రకటనలు కూడదని 2023 నాటి డిజిటల్ సమాచార రక్షణ చట్టం అంటోంది. చట్టం సంగతి అలా ఉంచండి. గుణింతాలు నేర్పే యాప్ మనం ఎక్కడున్నామో, మన ఫోన్‌లో ఎవరెవరి నంబర్లున్నాయో ఎందుకు అడుగుతోంది? ‘వద్దు’ నొక్కండి. అయినా పనిచేస్తే ఉంచుకోండి. పని మానేస్తే అది వచ్చింది గుణింతాల కోసం కాదు.

నా మటుకు

అన్నీ తిట్టి ఊరుకుంటే పాపం. వాడి చూసి, పిల్లలకు ఇచ్చి, మెతుకు ఉడికిందనిపించినవి కొన్ని చెప్తాను.

ఫెట్ సిమ్యులేషన్లు. భౌతిక శాస్త్ర నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. తీగలు, బల్బులు, బ్యాటరీలు తెర మీద కలిపి వలయం కట్టొచ్చు, తప్పు కలిపితే అంటుకుంటుంది కూడా. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ల్యాబ్‌లో సామాను లేని హైస్కూలుకు ఇంతకన్నా మంచి మిత్రుడు నాకు తెలియదు. చిన్నపిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్. 2015 నుంచి ఉంది, స్థాయిల వారీగా తెలుగు కథలు, దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు, ఎవరూ అడగరు. దీక్షా మీద పైన అన్న మాట అన్నా, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ కొడితే నేరుగా ఆ పాఠానికే తీసుకుపోవడం దాని బలం. లాగిన్ కాకుండా వాడుకోండి.

ఆంధ్రభారతి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. తెలుగు నిఘంటువులెన్నో ఒక్కచోట పెట్టి, ఒక మాట కొడితే బ్రౌణ్యం మొదలు సూర్యరాయాంధ్రం దాకా అన్నిట్లోంచి అర్థం తెచ్చి ముందు పోస్తుంది. చూడటానికి ఇరవై ఏళ్ల కిందటి సైటులా ఉంటుంది, మెరుపుల్లేవు, ఎగిరే బొమ్మల్లేవు. పిల్లలు మొదట ముఖం చిట్లిస్తారు. మెరిసేవన్నీ చెత్త అని అనను గానీ, చదువు సైట్లలో నాకు బాగా నచ్చినవి చాలావరకు ముతక బట్ట కట్టుకున్నవే.

వికీపీడియా చూడొద్దని చెప్పే సార్లతో నాకు పేచీ ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది. దానిలో తప్పులుంటాయి, నిజమే. కానీ ప్రతి పేజీకి చరిత్ర ఉంటుంది, ఏ రోజు ఎవరు ఏ మాట మార్చారో చూడొచ్చు. తప్పు కనపడితే తాండూరు తొమ్మిదో తరగతి పిల్ల కూడా దిద్దొచ్చు. మా మేనకోడలి చేతిలోని కాగితానికి ఆ వీలు లేదు.

2025లో రాష్ట్ర విద్యాశాఖ ఖాన్ అకాడమీ, ప్రథమ్, ఎక్‌స్టెప్, ఫిజిక్స్‌వాలా వంటి ఆరు సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. కృత్రిమ మేధ కూడా తరగతి గదిలోకి వస్తోంది. మంచి చెడ్డలు తేల్చడానికి ఐఐటీ బొంబాయి, సెంట్రల్ స్క్వేర్ ఫౌండేషన్ కలిసి చేసిన ‘తుల్నా’ లాంటి కొలబద్దలున్నాయి. పాఠంలో సరుకు, నేర్పే తీరు, వాడకంలో సౌకర్యం అని మూడు వైపుల నుంచి తూస్తుంది. పెద్దలు అలా తూచనివ్వండి. హైస్కూళ్లకు వచ్చిన పెద్ద టచ్ తెర మీద పాఠం పెట్టే ముందు, దాన్ని ఒక్కసారి ఇంటి దగ్గర తిరగేసి చూసే సారో, మేడమో లేకపోతే ఆ తూనికలేవీ తరగతి గదిలోకి రావు. అడిగిందల్లా తడుముకోకుండా చెప్పే కృత్రిమ మేధకైతే ఇది మరీ అవసరం. దానికి తెలియనప్పుడు కూడా గొంతు మారదు.

ఇంతకీ ప్రాజెక్టు వర్క్ ఏమైందంటే, మేనకోడలు ఇస్రో వారి భువన్ పటాలు తెరిచింది. అనంతగిరి మీద వేలు పెట్టి తూర్పుకు జరిపితే మూసీ, పడమరకు జరిపితే కాగ్నా. ఒకటి హైదరాబాద్ దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. రెండోది తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమాలో కలిసి, భీమాతో పాటు అదీ చివరికి కృష్ణకే చేరుతుంది. ఒకే గుట్టల మీద పడ్డ వాన రెండు దిక్కులా తిరిగి ఒకే నదికి చేరే ఈ సంగతి జిరాక్స్ షాపు కాగితంలో లేదు. కాగితం మీది ‘రంగారెడ్డి’ని కొట్టేసి పక్కన ‘వికారాబాద్’ అని రాసి, కింద 11-10-2016 అని తారీఖు వేసింది.

మీ ఇంట్లోనూ చదువుల యాప్ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఊరి గురించి మీకు బాగా తెలిసిన ఒక్క ప్రశ్న దాన్ని అడిగించండి. ఏం జవాబిచ్చిందో మాకు రాసి పంపండి.